కడుపులో ఉండగా ఇచ్చిన మాట

"పాలు చల్లారిపోతున్నాయి అత్తయ్యా."

వదిన ఆ మాట అనడం అది నాలుగోసారి. అమ్మ వంటింటి గుమ్మానికి వీపు ఆనించి నేలమీదే కూర్చుంది. గ్లాసు వంక కన్నెత్తి చూడలేదు. మొన్న మధ్యాహ్నం నుంచి ఆమె తిన్నది ఏమీ లేదు. నిన్నంతా కలిపి నాలుగు గుక్కల నీళ్ళు తాగి ఉంటుంది.

"దానికి చెప్పు," అంది అమ్మ, గోడతో మాట్లాడుతున్నట్టు. "అది కొండెక్కాలి. మరియతల్లి ముందు నిలబడి మళ్ళీ మఠానికి పోతానని నోటితో చెప్పాలి. అప్పటిదాకా నా గొంతులో మెతుకు దిగదు."

'అది' అక్కడే, మూడడుగుల దూరంలో, గిన్నెలు కడుగుతూ ఉంది.

ఎనిమిదేళ్ళు మఠంలో ఉండి, తీరా జీవితాంతం కట్టుబడే నిత్య మాటపట్టు ఇవ్వాల్సిన ఏడాది, ఒక్క సంచీతో ఇంటికొచ్చేసింది చిట్టి. అప్పటినుంచి ఇరవై రెండు రోజులుగా అమ్మ ఆమెతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చిట్టి వచ్చిన వారానికే అన్నయ్య ఊపిరాడక మెట్లమీద పడిపోయాడు. అమ్మకి ఆ రెండూ ఒకే తాడుకి రెండు కొసలు.

"అమ్మా, అన్నయ్య ఊపిరితిత్తుల నిండా రాతిపొడి ఉందని డాక్టరు ఎక్స్‌రే ఫిల్ము చూపించి మరీ చెప్పాడు," అంది చిట్టి, చేతిలో గిన్నె దించకుండానే. "నేను మఠంలో ఉండి ఉంటే ఆ పొడి ఎగిరిపోయేదా?"

అమ్మ వదిన వైపు తిరిగింది. "పద్నాలుగేళ్ళు ఆ రాళ్ళ కార్ఖానాలోనే కదా వాడున్నాడు! పద్నాలుగేళ్ళు పడిపోనివాడు, ఇది గడప తొక్కిన వారానికే ఎందుకు పడిపోయాడో అడుగు."

"ఏళ్ళ తరబడి లోపల పేరుకున్నాకే ఒక రోజు బయటపడుతుందమ్మా."

"చదువుకున్నవాళ్ళు ఏదైనా చెప్తారు. మాట తప్పిన ఇంటికి ఏం పడుతుందో నాకు తెలుసు."

"ఎవరు తప్పారు? నేనింకా మాటే ఇవ్వలేదు. ఇవ్వలేకే వచ్చేశాను!"

అమ్మ నోరు తెరిచింది. ఏదో నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. మళ్ళీ మూసుకుంది.

వదిన ఇద్దరి మధ్యా అడకత్తెరలో పోకచెక్కలా నిలబడింది. నోటుపుస్తకాలు కుట్టే ప్రెస్సులో ఆమెది బైండింగు పని. వేళ్ళ సందుల్లో ఎండిపోయిన జిగురు పొరల్ని గోటితో గీక్కుంటూ, "ఇవాళ కూడా సెలవు పెడితే మా సూపర్వైజరు నన్ను కూడా కలిపి కుట్టేస్తాడు," అంది ఎవరితోనూ కాకుండా.

లోపలి గదిలోంచి దగ్గు వినిపించింది. ఎండిన, పొడవాటి దగ్గు. ముగ్గురూ అది ఆగేదాకా కదల్లేదు. ఆగాక అన్నయ్య గొంతు వచ్చింది.

"ఏంటమ్మా, నాకంటే ముందెళ్ళి అక్కడ రుమాలేసి నాకో సీటు పట్టి ఉంచుతావా?"

ఎవరూ నవ్వలేదు.

"సరే, పదండి," అన్నాడు. "అందరం పోదాం. కొండమీదికి."

వదిన గదిలోకి పరుగెత్తింది. "మీకేమైనా మతి పోయిందా? పెద్ద ఆక్సిజన్ సిలిండరు కదలదు. ఆ చిన్నది నాలుగు గంటలకి మించి రాదు."

"ఎక్కేది రోప్‌వే, నేను కాదు. పోను గంట, రాను గంట. ఇంకా రెండు గంటలు మిగులుతాయి. ఈ పైకప్పు చూసి చూసి నా కళ్ళు అరిగిపోయాయే." ఒక్కో మాటకీ మధ్య ఊపిరి కోసం ఆగుతున్నాడు. "చిట్టీ! నువ్వేమీ చెప్పక్కర్లేదు. ఊరికే రా. అమ్మ గుడి చూసుకుంటుంది, నేను ఊరు చూసుకుంటాను."

చిట్టి చేతులు తుడుచుకుంది. ఆ కొండమీద, గుడి వెనకే, ఆమె వదిలేసి వచ్చిన మఠం ఉంది. ఆ మెట్లు మళ్ళీ ఎక్కకూడదనే ఆమె అనుకుంది. కానీ గదిలో మంచం చివర కూర్చుని అన్నయ్య అప్పుడే చొక్కా తొడుక్కుంటున్నాడు. రెండు గుండీలు పెట్టుకుని, మూడోదాని దగ్గర అలిసిపోయి ఆగాడు.

"వస్తాను," అంది చిట్టి.

అమ్మ లేచింది. పాల గ్లాసు అక్కడే ఉంది.

* * *

రోప్‌వే కేబిన్లో నలుగురే కూర్చున్నారు. పనిదినం కాబట్టి జనం లేరు. తలుపు వేసే మనిషి సిలిండరు వంక అనుమానంగా చూసి, "గ్యాసు పొయ్యి కూడా తెచ్చారా?" అని అడిగాడు. "లేదు, పైన దొరుకుతుందిగా," అన్నాడు అన్నయ్య. అతను నవ్వి తలుపు వేశాడు.

కాళ్ళ కింద నేల జారిపోయింది. ఇళ్ళ కప్పులు, నీళ్ళ ట్యాంకులు, ఆరేసిన బట్టలు కిందికి దిగిపోతున్నాయి. కాస్త పైకి వెళ్ళేసరికి ఊరంతా ఒక్కసారిగా విచ్చుకుంది.

అన్నయ్య అద్దానికి నుదురు ఆనించాడు. ముక్కుకి పెట్టిన గొట్టం అద్దం మీద ఆవిరి గీతలు గీస్తోంది.

"చిట్టీ, ఆ నల్ల గోడ చూడు. పెద్ద బ్యాంకుది. అది నేనూ మా మేస్త్రీ కలిసి కోసింది. దాని పక్కన లేత ఎరుపు మెట్లున్నాయే, అది కోర్టు. ఆ మెట్లమీద ఎంతమంది ఏడ్చారో తెలీదు కానీ, ఒక్కడూ జారిపడలేదు. అంత బాగా గరుకు పెట్టాం."

"నీ రాయి లేని వీధి ఉందా అసలు?"

"ఉంది. మనదే."

వదిన ముఖం తిప్పుకుంది. అమ్మ పెదవులు కదులుతున్నాయి, జపమాల పూసలు వేళ్ళ మధ్య దొర్లుతున్నాయి. ముప్పై ఏళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికిన వేళ్ళవి. చివరలు ఎప్పుడూ నానినట్టే తెల్లగా ఉంటాయి.

అన్నయ్య ఉన్నట్టుండి ఆమె వైపు తిరిగాడు.

"అమ్మా, ఒకటడుగుతాను. చిట్టి మఠంలో ఉంటే నేను బాగుంటానని ఎందుకనుకుంటున్నావు? ప్రపంచంలో ఎవరూ అలా అనుకోరు. పొద్దున కూడా ఏదో చెప్పబోయి మింగేశావు. నాకు వినిపించింది."

"మాట్లాడకురా, ఆయాసం వస్తుంది."

"వస్తే రానీ. చెప్పు."

పూసలు ఆగాయి. కేబిన్ ఒక స్తంభం దాటింది, అందరూ ఒక్కసారి ఊగారు.

"నీకు అప్పుడు ఆరేళ్ళు," అంది అమ్మ. "జ్వరం మెదడుకెక్కిందన్నారు. నన్ను కూడా గుర్తుపట్టలేదు నువ్వు. ఆసుపత్రిలో వాళ్ళు దుప్పటి తలమీదికి లాగడానికి తయారుగా ఉన్నారు. ఆ దుప్పటి ఉతికింది కూడా నేనే. అప్పుడీ రోప్‌వే లేదు. రెండు వేల మెట్లు. ఎనిమిదో నెల కడుపుతో ఎక్కాను. తల్లి ముందు పడి చెప్పాను, నా పెద్దోడిని ఉంచు, కడుపులో ఉన్నదాన్ని నీకిచ్చేస్తాను అని. దిగి వచ్చేసరికి నువ్వు కళ్ళు తెరిచి నీళ్ళడిగావు."

సిలిండరు సన్నగా బుసకొడుతోంది.

చిట్టికి మొదట ఆ మాటలు వేరెవరి గురించో అన్నట్టే వినిపించాయి. చిన్నప్పుడు ప్రతి ఏడూ అమ్మ తన జుట్టు నున్నగా దువ్వి ఆ కొండకి తీసుకెళ్ళడం, 'నిన్నెవరో పిలుస్తున్నట్టుంది కదూ?' అని చెవిలో అడగడం గుర్తొచ్చాయి. పద్నాలుగేళ్ళు వచ్చేసరికి నిజంగానే పిలుపు వినిపించింది. ఆ పిలుపు తనదేననుకుంది. ఎనిమిదేళ్ళు మఠంలో, పూజలో పంచే తెల్లటి పలచని అప్పాలు కాల్చి, గుండ్రంగా కత్తిరించి, పీఠం మీదికి పంపింది. పిలుపు పోయిందని కుమిలిపోయింది.

అసలు పిలిచిందే లేదు. ఇంట్లోంచి పంపించారు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?" అంది.

"చెప్తే ఇష్టంతో వెళ్ళినట్టు ఎలా అవుతుంది?" అమ్మ ఇన్ని రోజుల్లో మొదటిసారి ఆమె కళ్ళలోకి చూసి జవాబిచ్చింది.

అన్నయ్య నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగకుండా వచ్చింది. వదిన అతని వీపు నిమురుతూ, "చాలు, చాలు," అంటూనే ఉంది. ఊపిరి చిక్కాక అన్నాడు, "అంటే దాన్నిచ్చి నన్ను తెచ్చుకున్నావన్నమాట. ఎంత పని చేశావమ్మా! వెనక్కిచ్చేద్దామన్నా నేనిప్పుడు పనికొచ్చే సరుకుని కాదే."

"అలా మాట్లాడకు!"

"నువ్వు చేసిందే నేను మాటల్లో పెట్టాను. అంతే."

పై స్టేషను వచ్చి తలుపు తెరుచుకుంది.

* * *

గుడి ముందు పెద్ద వసారా ఉంది, దాని అంచున పిట్టగోడ, ఆ గోడకి అవతల గాలి తప్ప ఏమీ లేదు. చాలా కింద ఊరు బూడిదరంగులో పరుచుకుని ఉంది. అక్కడి చప్పుడేదీ ఇంత దూరం రాదు.

అమ్మ గుడి వాకిలి చూడగానే మోకాళ్ళమీద కూర్చుంది. అక్కడినుంచి పీఠం దాకా మోకాళ్ళమీదే వెళ్తానంది. వదిన చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది. వదిన ఆమె పక్కనే, వంగి వంగి, నడుస్తూ వెళ్ళింది.

అన్నయ్యని చిట్టి రాతి బల్లమీద కూర్చోబెట్టింది. అతను ఊరి వంక కాకుండా కాళ్ళ కింద పరిచిన పలకల వంక చూస్తున్నాడు. చెప్పు విడిచి బొటనవేలితో ఒక పలక అంచు రాశాడు.

"ఇవి మావే," అన్నాడు.

"ఏవి?"

"ఈ పలకలు. ఆరేళ్ళ కింద వసారా కొత్తగా పరిచినప్పుడు మా కార్ఖానాకే వచ్చింది పని. ఎంత తొందర పెట్టారో! నీళ్ళు కొడుతూ కోస్తే ఆలస్యమవుతుందని పొడిగానే కోయించారు. పగలు దీపం పెట్టుకుని పని చేశాం, పక్కవాడు కనిపించేవాడు కాదు. ఆ ఏడే నాకు దగ్గు పట్టింది."

చిట్టి తల తిప్పి చూసింది. అమ్మ అవే పలకలమీద ఒక్కో మోకాలూ ముందుకు జరుపుతోంది. చీర కుచ్చిళ్ళు దుమ్ము కొట్టుకుపోయాయి.

"అమ్మకి చెప్పకు," అన్నాడు అన్నయ్య.

"నన్ననేటప్పుడు మాత్రం బాగానే అంటుంది."

"అననీ. నిన్నంటే ఆమెకో దారి ఉన్నట్టుంటుంది. నువ్వు వెనక్కి వెళ్తే నేను బాగవుతానని. ఈ రాళ్ళవల్లే అని తెలిస్తే ఏం చెయ్యాలి? రాళ్ళని వెనక్కి పంపుతుందా?" కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "నువ్వెందుకొచ్చేశావే? నాతో అయినా చెప్పలేదు."

చిట్టి పిట్టగోడ వైపు చూసింది. "ఎనిమిదేళ్ళు మాట్లాడాను అన్నయ్యా. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం. ఒక రోజు అప్పాలు కత్తిరిస్తుంటే అనిపించింది, అవతల ఎవరూ వినడం లేదని. మర్నాడు కూడా అలాగే అనిపించింది. ఏడాదిన్నర చూశాను. ఆ మనసుతో నిత్య మాటపట్టు ఎలా ఇవ్వను? అబద్ధం కదా!"

"అబద్ధం నీకు చేతకాదులే. చిన్నప్పుడు నేను చక్కెర దొంగిలిస్తే, అడక్కుండానే వెళ్ళి అమ్మకి చెప్పేదానివి."

అప్పుడే చిట్టి ఫోను మోగింది. ఛాతీ డాక్టరు. ఆమె నాలుగడుగులు పక్కకి వెళ్ళింది.

డాక్టరు మాటలు నెమ్మదిగా, శ్రద్ధగా ఉన్నాయి. రెండో స్కాను చూశారట. ఊపిరితిత్తుల మార్పిడి జాబితాలో పేరు ఎక్కించడం కుదరదట, గుండె కూడా తట్టుకునే స్థితిలో లేదట.

"ఊఁ," అంది చిట్టి.

ఇంకెక్కడికీ తిప్పి అలసట పెట్టొద్దన్నారు.

"ఊఁ."

"నెలలని ఆశ పెట్టుకోకండమ్మా," అన్నారు చివర్లో. "వారాలు. ఇంట్లోవాళ్ళకి ఎలా చెప్పాలో మీరే చూసుకోండి."

"ఊఁ. సరేనండీ."

ఫోను పెట్టేసి తిరిగేసరికి వదిన గుడి వాకిట్లో నిలబడి ఇటే చూస్తోంది. ఆమె వెనక, నేలమీద, అమ్మ కూడా తల తిప్పి చూస్తోంది.

"ఎవరు?" అన్నాడు అన్నయ్య.

"రాంగ్ నంబర్."

అన్నయ్య కాసేపు ఆమె ముఖం చూసి, మళ్ళీ ఊరు చూడసాగాడు.

* * *

గుడి లోపల చల్లగా ఉంది. పీఠం పక్కన గోడ నిండా జనం వదిలేసి వెళ్ళిన చంక కర్రలు, పసిపిల్లల బూట్లు, కృతజ్ఞతలు చెక్కిన చిన్నచిన్న రాతి బిళ్ళలు ఉన్నాయి. మధ్యలో, నీలి అంచు వస్త్రంతో, చేతులు చాపి నిలబడి ఉంది మరియమ్మ. చిట్టి ఎనిమిదేళ్ళు ఆ వస్త్రం అంచు దుమ్ము దులిపింది. ఎడమచేతి చిటికెనవేలు ఒకసారి విరిగితే జిగురుతో అంటించింది కూడా తనే.

అమ్మ పీఠం ముందు కూలబడి ఉంది. పెదాలు తెల్లగా పిడచకట్టుకుపోయాయి.

"వచ్చావా," అంది. "చెప్పు."

"అమ్మా..."

"నా కోసం వద్దు. వాడి కోసం చెప్పు. వాడు ఎలా ఊపిరి పీలుస్తున్నాడో చూశావుగా. దుమ్మంటావు, ధూళంటావు. నీకెన్ని తెలిసినా నాకొకటే తెలుసు, నువ్విక్కడ ఉన్నన్నాళ్ళూ వాడికేం కాలేదు."

ఆ రాతి పలకల మాట చిట్టి నాలుక మీదికి వచ్చేసింది. 'నువ్వు మోకాళ్ళమీద పాకి వచ్చిన రాళ్ళేనమ్మా' అనాలనిపించింది. ఒక్క వాక్యం చాలు. అమ్మ నోరు ఎప్పటికీ మూతపడుతుంది.

వెనక సిలిండరు చక్రాల చప్పుడు వినిపించింది. అన్నయ్య వదిన భుజం పట్టుకుని లోపలికొచ్చాడు. చిట్టి వైపు చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. ఏది వద్దంటున్నాడో ఆమెకి అర్థం కాలేదు. రాళ్ళ సంగతి చెప్పొద్దనా, మాట ఇవ్వొద్దనా?

వారాలు, అన్నాడు డాక్టరు.

ఇంట్లోవాళ్ళెవరికీ ఇవ్వడానికి తన దగ్గర ఇంకేమీ లేదు. చిట్టి మోకరించింది.

"మళ్ళీ వస్తాను," అంది, విగ్రహం పాదాల వంక చూస్తూ. "మఠానికి తిరిగి వస్తాను. మాటపట్టు ఇస్తాను. మా అన్నయ్యని ఉంచు."

గొంతు వణకలేదు. వణకనందుకు తనకే భయమేసింది.

అమ్మ రెండు చేతులతో ఆమె ముఖం పట్టుకుని నుదుటిమీద ముద్దుపెట్టింది. ఏడ్చింది. వదిన ఇచ్చిన సీసాలోంచి గటగటా నీళ్ళు తాగింది. రొట్టెముక్క ఇస్తే తింది. "ఇంక వాడికేం భయం లేదు," అని వదినతో అంది, నములుతూనే. వదిన కూడా ఏడ్చేసింది, ఎందుకో తెలియకుండానే.

ఆ నిమిషంలోనే పక్క తలుపు తెరుచుకుని మఠం పెద్ద మదర్ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. చేతికర్ర శబ్దం కాకుండా కింద రబ్బరు వేయించుకుంది. చిట్టిని చూసి ఆగిపోయింది.

"మదర్!" అమ్మ లేవబోయి లేవలేకపోయింది. "మా అమ్మాయి తిరిగొచ్చేస్తానంది. తల్లి ముందే చెప్పింది. ఈ రోజే ఉంచేసుకోండి."

మదర్ అమ్మ వంక చూడలేదు. "అమ్మాయీ, నిజమేనా?" అంది చిట్టితో.

చిట్టి మోకాళ్ళమీంచి లేచింది.

"వెళ్ళేరోజు నా గదిలో కూర్చుని నువ్వు చెప్పిన మాటలు నాకు గుర్తున్నాయి. అవి మారాయా?"

ఔనంటే చాలు. కానీ ఆ ముసలావిడ కళ్ళలోకి చూస్తూ ఆ ఒక్క మాట పెగల్లేదు. చిట్టి తల దించుకుంది.

"అయితే నేను తీసుకోలేను," అంది మదర్ మెల్లగా. "కోపంతో కాదమ్మా. అబద్ధం మీద మాటపట్టు నిలవదు. అది నిన్నూ నాశనం చేస్తుంది, మఠాన్నీ నాశనం చేస్తుంది."

"మాటిచ్చింది అది కాదు మదర్, నేను!" అమ్మ గొంతు గోడలకి తగిలింది. "కడుపులో ఉండగానే ఇచ్చేశాను. వాడి ప్రాణానికి బదులు."

మదర్ కష్టంగా, కర్రమీద బరువంతా వేసి, అమ్మ ఎదురుగా బల్లమీద కూర్చుంది.

"ఎవరి జీవితాన్ని వాళ్ళే ఇవ్వగలరు. కన్నతల్లి అయినా బిడ్డది ఇవ్వలేదు. ఆ మాట అసలు చెల్లదమ్మా. ఆ రోజు నుంచీ చెల్లలేదు. నువ్వు తప్పిందేమీ లేదు, ఈ అమ్మాయి తప్పిందీ లేదు. ఇంటికెళ్ళి నిశ్చింతగా ఉండు."

నిశ్చింత ఇద్దామనుకునే ఆవిడ ఆ మాట అంది. అమ్మ ముఖం మాత్రం పాలిపోయింది.

"చెల్లలేదా? అయితే ఆ రోజు నా కొడుకుని బతికించిందెవరు?"

"దేవుడే. ఊరికే ఇచ్చాడు."

"ఊరికే ఇచ్చినవాడు ఊరికే తీసుకుపోతాడు. అంతేనా మదర్?"

మదర్ అమ్మ చెయ్యి పట్టుకోబోయింది. అమ్మ చెయ్యి ఇవ్వలేదు.

* * *

"అత్తయ్యా, ముల్లు సగానికి పడిపోయింది. లేవండి, దిగిపోదాం."

సిలిండరు మీటరు చూస్తూ వదిన మూడుసార్లు అంది. అమ్మ పీఠం ముందునుంచి కదల్లేదు.

"మీరు పొండి. నేనిక్కడే ఉంటాను. ఆ మాట చెల్లదన్నారుగా, చెల్లేది ఇస్తాను. నన్నే ఇస్తాను. తిండీ లేదు, నీళ్ళూ లేవు. ఏదో ఒకటి తేలేదాకా లేవను."

"అమ్మా, పిచ్చిగా మాట్లాడకు," అంది చిట్టి.

"నీతో నాకు మాటల్లేవు. నోటితో ఒకటి, కడుపులో ఒకటి. నువ్వు నా బిడ్డవే కాదు."

అన్నయ్య వదిన భుజం వదిలాడు. గోడ పట్టుకుని, మెల్లగా అమ్మ ఎదురుగా నేలమీద కూర్చున్నాడు. ముక్కులోంచి గొట్టం తీసి, దాన్ని చక్కగా చుట్టి, సిలిండరు మెడకి తగిలించాడు.

వదిన కేక పెట్టింది.

"నువ్వు లేచేదాకా ఇది పెట్టుకోను," అన్నాడు.

"పెట్టుకోరా!"

"లే."

"నీ కోసమే కదరా..."

"నా కోసమైతే లే." ఇంకో ఊపిరి. "పట్టిన పట్టు... వదలకపోవడం... నీ దగ్గర నేర్చుకున్నదే."

అతని పెదాల రంగు మారుతోంది. మెడ దగ్గర గుంట లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. వదిన గొట్టం తీసుకుని దగ్గరికి వస్తే చేత్తో ఆపేశాడు. అమ్మ విగ్రహం వంక చూసింది, కొడుకు వంక చూసింది, మళ్ళీ విగ్రహం వంక చూసింది. అక్కడినుంచి ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టుంది.

ఏమీ రాలేదు.

అమ్మ రెండు చేతులూ నేలకి ఆనించి లేచింది. మోకాళ్ళు దోక్కుపోయి చీరకి రక్తం అంటింది. గొట్టం తీసుకుని తనే కొడుకు ముక్కుకి పెట్టింది. తలకిందులుగా పెట్టింది. వదిన సరిచేసింది.

"పద," అంది అమ్మ.

ఆ తర్వాత ఆమె పీఠం వైపు తిరగలేదు. శిలువ గుర్తు వేసుకోలేదు. ఆమె కూర్చున్నచోట జపమాల పడి ఉంటే చిట్టి తీసి అందివ్వబోయింది.

"అమ్మా, నీ జపమాల."

"నువ్వే ఉంచుకో."

"నాకెందుకమ్మా?"

"నాకెందుకు మరి?"

చిట్టి ఆ పూసల్ని పట్టుకుని నిలబడిపోయింది. తన నమ్మకం పోయినప్పుడు లోకం ఆగిపోలేదు. అమ్మ నమ్మకం ఇంట్లో ఎక్కడో అలాగే ఉందన్న ధైర్యంతోనే తను ఇన్నాళ్ళూ నడిచిందని ఆమెకి ఇప్పుడు తెలిసింది.

* * *

దిగే కేబిన్లో అమ్మ కొండకి వీపు పెట్టి కూర్చుంది. ఊరు మెల్లగా పైకి లేచి వస్తోంది. వదిన మీటరు మీదినుంచి కళ్ళు తీయడం లేదు. అన్నయ్య తల ఆమె భుజంమీద వాలి ఉంది, కళ్ళు మాత్రం తెరిచే ఉన్నాయి.

మొదటి స్తంభం దాటింది. రెండోది దాటింది.

"ఇందాక నీకు ఫోనొచ్చింది," అంది అమ్మ.

చిట్టి ఉలిక్కిపడింది.

"వాకిట్లోంచి చూశాను. అంతసేపు ఊఁ కొట్టావు. ఎవరు?"

"రాంగ్ నంబరని అన్నయ్యకి చెప్పానుగా."

"రాంగ్ నంబరుకి ఎవరైనా అంతసేపు ఊఁ కొడతారా? అది పెట్టేశాకే కదా నువ్వు లోపలికొచ్చి మోకరించావు!" అమ్మ గొంతులో కోపం లేదు. ఏ భావమూ లేదు. "డాక్టరేనా?"

వదిన మీటరు మీదినుంచి తలెత్తింది. అన్నయ్య భుజం మీదినుంచి తల కొంచెం పైకి లేపాడు. వద్దని తల ఊపలేదు. చెప్పమనీ ఊపలేదు. చూస్తున్నాడంతే.

"ఏమన్నాడు?" అంది అమ్మ. "చెప్పు చిట్టీ. పైన ఒక అబద్ధం ఆడావు, నేను రొట్టె కూడా తిన్నాను. ఇంకొకటి నాకొద్దు. నిజం చెప్పు."

కింది స్టేషనుకి ఇంకా నాలుగు నిమిషాలుంది. కేబిన్లో దిగిపోవడానికి చోటు లేదు, ముఖం తిప్పుకోవడానికి మరో వైపు లేదు. ముగ్గురూ చిట్టి నోటి వంకే చూస్తున్నారు.